సింహాచలం గిరి ప్రదక్షిణ ఎలా చేయాలి? సముద్రం దగ్గర చేసే తప్పు చేయకుండా

ఆషాఢ శుద్ధ చతుర్దశి రాత్రి పది దాటాక విశాఖలో, ప్రదక్షిణ దారిలో వచ్చే ఇసుకతోట కూడలిలో నిలబడి చూడండి. రోడ్డు పక్కన గట్ల మీద, మూసిన దుకాణాల మెట్ల మీద వరసగా జనం కూర్చుని అరికాళ్లు చేత్తో పట్టుకుని ఉంటారు. కొందరు ఆటో కోసం వెతుకుతుంటారు. "ఇంక నా వల్ల కాదు, 32 కిలోమీటర్లంటే మాటలా" అంటారు. నేను ఈ ప్రదక్షిణ పద్నాలుగు సార్లు చేశాను. వాళ్లను ఓడించింది దూరం కాదని ఖాయంగా చెప్పగలను. గంట కిందట అప్పుఘర్ దగ్గర సముద్రంలో దిగి, తడి కాళ్లతో, వేళ్ల సందుల్లో ఇసుకతో అలాగే నడిచి వచ్చారు. అంతే జరిగింది. ఏటా ఇదే చూస్తున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు రోజు

పెద్ద సామాను అక్కర్లేదు. చిన్న గుడ్డ సంచి, లీటరు నీళ్ల సీసాలు రెండు, పాత నూలు తువ్వాళ్లు రెండు, చిన్న సీసాలో కొబ్బరి నూనె, కాస్త దూది, గాయానికి చుట్టే గుడ్డ, బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు పొట్లం, మార్చుకోవడానికి ఒక పొడి పంచె లేదా చీర. తువ్వాళ్లు రెండు ఎందుకో తర్వాత చెబుతాను. కొత్త బట్టలు కట్టుకోకండి. గోళ్లు రెండు రోజుల ముందే తీయండి. నడిచే రోజు తీస్తే అంచులు పదునుగా ఉండి పక్క వేలిని గీరతాయి.

చెప్పులు లేకుండానే నడవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు, ఒక్క మధుమేహం ఉన్నవాళ్ల విషయంలో తప్ప. వాళ్లకు అరికాలిలో స్పర్శ తగ్గి ఉంటుంది, గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లు మెత్తని బూట్లు వేసుకుని నడవాలి, లేదా మర్నాడు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేయాలి. 32 కిలోమీటర్లు నడవలేని పెద్దవాళ్లు ఎందరో అలాగే చేస్తారు. సింహాచలం స్వామి అప్పన్న దగ్గర అది తక్కువ కాదు.

మధ్యాహ్నం స్వామి పుష్పరథం కదిలేటప్పుడే బయలుదేరాలని చాలామంది తోసుకుంటారు. రథానికి దణ్ణం పెట్టుకోండి, కానీ నడక సాయంత్రం నాలుగు దాటాకే మొదలుపెట్టండి. ఆషాఢంలో మబ్బు పట్టి ఉన్నా తారు రోడ్డు మధ్యాహ్నపు వేడిని వదలదు. తెల్లవారుజామునే మొదలుపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఎండ తగిలేది సరిగ్గా చివరి పది కిలోమీటర్లలో, అంటే ఒంట్లో ఓపిక అడుగంటిన వేళ. సాయంత్రం బయలుదేరినవాళ్లకు ఆ చివరి భాగం చల్లటి రాత్రిలో వస్తుంది.

తొలి పావంచా దగ్గర

కొండ దిగువన మెట్ల దారి మొదలయ్యే చోటే తొలి పావంచా. పావంచా అంటే మెట్టు. అక్కడ కొబ్బరికాయ కొట్టి, మెట్టుకు మొక్కి, కొండను కుడి చేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెట్టాలి. ప్రదక్షిణ అంతా కొండ మీకు కుడి వైపే ఉంటుంది. దారిలో ఎక్కడైనా అనుమానం వస్తే ఇదే గుర్తు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. వేలమంది కొట్టిన కాయల చిప్ప ముక్కలు నేలంతా పడి ఉంటాయి. కాలు ఎత్తి వేయకుండా నేలకు ఆనించి జరుపుతూ రండి. మొదటి వంద అడుగుల్లోనే అరికాలు కోసుకుని వెనక్కి వెళ్లినవాళ్లను చూశాను.

అడవివరం నుంచి హనుమంతవాక దాకా

అడవివరం, పైనాపిల్ కాలనీ, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక వరకు దారి సులువు. గోవింద నామాలు, కోలాటాలు, భజన బృందాలు, అడుగడుగునా మజ్జిగ, పులిహోర పంచే శిబిరాలు ఉంటాయి. ఈ సులువే మనుషుల్ని మోసం చేస్తుంది. ఉత్సాహంలో వేగంగా నడిచేస్తారు. పక్కవాడితో మాట్లాడుతూ ఆయాసం రాకుండా నడవగలిగే వేగం దాటకండి.

రోడ్డు అంచున తెల్ల రంగు గీత ఉన్న చోట దాని మీద నడవండి. ఆ రంగు కింద తారు గరుకు తెలియదు, వేడి కూడా తక్కువ. శిబిరాల ముందు మాత్రం గీత వదిలి రోడ్డు మధ్యకు రండి. అక్కడ నూనె అంటిన విస్తరాకులు, అరటి తొక్కలు కాలి కింద జారతాయి.

పెట్టిన ప్రతిచోటా తినకండి. ప్రసాదం కాదనకూడదని కడుపు నింపుకుంటే హనుమంతవాక దగ్గరే కడుపు బరువై నడక కుంటుపడుతుంది. ఒక్క చోట పులిహోర, గంటకోసారి ఉప్పు వేసిన మజ్జిగ, మధ్యలో బెల్లం ముక్క చాలు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, పిక్కలు పట్టేస్తాయి.

సముద్రం దగ్గర

విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం దాటి అప్పుఘర్ చేరేసరికి ఏడున్నరో ఎనిమిదో అవుతుంది. నడక ఇంకా సగం కూడా కాలేదు. ఎదురుగా సముద్రం, మీద నిండు చంద్రుడు. నాలుగు గంటలు నడిచిన కాళ్లు మంటగా ఉంటాయి. ఎవరికైనా నేరుగా నీళ్లలోకి పరుగెత్తాలనిపిస్తుంది. ఇక్కడ సముద్ర స్నానం చేసి ముందుకు సాగడం చాలామంది పాటించే ఆచారం. నేను వద్దనను. చేసే పద్ధతి మాత్రం మారాలి.

మొదటి సంగతి ప్రాణానికి సంబంధించినది. చతుర్దశి, పౌర్ణమి రోజుల్లో సముద్రానికి పోటు మామూలు కంటే ఎక్కువ. అదీ ఆషాఢం, నైరుతి గాలులు వీచే కాలం. విశాఖ తీరంలో అల పైకి నెమ్మదిగా వచ్చినట్టే ఉంటుంది, వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. అలసిన కాళ్లకు అప్పుడు పట్టు దొరకదు. చీకట్లో ఎవరు కొట్టుకుపోయారో పక్కవాళ్లకు కూడా కనిపించదు. అందుకని మోకాలు దాటి లోపలికి వెళ్లకూడదు. మునగకూడదు. చిన్న చెంబు తీసుకెళ్లి, నడుము వంచి నీళ్లు ముంచుకుని తల మీద పోసుకోండి. చెంబు లేకపోతే దోసిలి చాలు. ఈత వచ్చని లోపలికి వెళ్లవద్దు. పిల్లల అరచేతిని కాదు, మణికట్టును పట్టుకోండి. తడి చేయి జారుతుంది. పోలీసులు ఆ పూట దిగవద్దన్నారంటే, నీళ్లు కొన్ని తల మీద చల్లుకుని దణ్ణం పెట్టుకుని కదలండి. వాదించవద్దు.

రెండోది కాళ్ల సంగతి.

నా మూడో ప్రదక్షిణలో మా తమ్ముడు నాతో వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు, రోజూ ఫుట్‌బాల్ ఆడేవాడు. సముద్రంలో అరగంట ఆడి, ప్యాంటు మడతలు దింపుకుని, "పద అన్నయ్యా" అని నా కంటే ముందు నడిచాడు. వెంకోజీపాలెం దగ్గర వెనకబడ్డాడు. ఇసుకతోటలో వీధి దీపం కింద కూర్చోబెట్టి కాలు చూశాను. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నానిపోయి, ఒక పొర పూర్తిగా లేచి వచ్చింది. లేచిన పొర కింద ఎర్రటి మాంసం, ఆ ఎరుపులో నాలుగైదు ఇసుక రేణువులు మెరుస్తున్నాయి. నీళ్లు పోసి వాటిని కడుగుతుంటే వాడు పెదవి కొరుక్కుని కళ్లు మూసుకున్నాడు. వాడు ఆ రాత్రి ఆటోలో ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. పక్కన ఉన్నది నేను, ముందు రెండు సార్లు నడిచింది నేను. ఆ కాళ్లు తుడుచుకోమని చెప్పాల్సింది నేనే.

జరిగేది ఇది. నానిన చర్మం మెత్తబడుతుంది. దానికీ పక్క వేలికీ మధ్య ఇసుక ఉప్పుకాగితంలా పని చేస్తుంది. అడుగుకు ఒకసారి చొప్పున రాస్తూ పోతుంది. రెండు కిలోమీటర్లు నడిస్తే వేల అడుగులు. సముద్రపు నీళ్లు ఆరినా ఉప్పు చర్మం మీదే ఉంటుంది, చెమట తగలగానే మళ్లీ చెమ్మగా మారుతుంది. అందుకే "నడుస్తుంటే అవే ఆరతాయిలే" అన్నది అన్నిటికంటే చెడ్డ సలహా. మంచినీళ్లతో కడగకపోతే అవి ఆ రాత్రి ఆరవు.

కాబట్టి ఇలా చేయండి. ఇసుక మీద నుంచి పూర్తిగా బయటకు వచ్చి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చోండి. ఇసుకలో కూర్చుని కాళ్లు కడిగితే మళ్లీ ఇసుకే అంటుతుంది. ఒక సీసాలో నీళ్లు తాగకుండా ఇంతవరకు దాచింది దీనికోసమే. ఒక కాలు మోకాలి మీద వేసుకుని, వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతి సందులోనూ నీళ్లు పోస్తూ వేలితో తోయండి. గోటి అంచుల కింద, చీలమండ చుట్టూ కూడా. తర్వాత మొదటి తువ్వాలుతో ఆ కాలు తుడిచి, నేల మీద పెట్టకుండా అలాగే ఉంచి రెండో కాలు కడగండి. మొదటి తువ్వాలుకు ఎలాగూ కాస్త ఇసుక అంటుతుంది, అందుకే రెండోది. ఈ రెండో తువ్వాలు పొడిది. దాని కొసను సన్నగా మెలిపెట్టి వేళ్ల సందుల్లో దూర్చి తీయండి. తీసిన కొసను వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుకు తగిలిందంటే మళ్లీ కడగాలి. వేలికి పొడిగా, మెత్తగా తగిలేదాకా లేవకూడదు.

ఆ తర్వాత అయిదు నిమిషాలు గాలికి ఆరనిచ్చి, వేళ్ల సందుల్లో, మడమ అంచున కొబ్బరి నూనె పలచగా రాయండి. నూనె ఎక్కువైతే అరికాలు జారుతుంది, దుమ్ము అంటుతుంది. మెడికల్ షాపుల్లో అమ్మే పౌడర్లు చల్లుకునేవాళ్లు ఉన్నారు. పౌడర్ చెమటకు ఉండలు కట్టి అదే మరో ఇసుక అవుతుంది. కొబ్బరి నూనె తప్ప వేరేది నేను ఒప్పుకోను.

తడి బట్టలు తప్పక మార్చండి. తడి పంచె తొడల మధ్య ఒరుసుకుని పుండు పడుతుంది, తడి చీర కుచ్చిళ్లు పిక్కలకు చుట్టుకుని అడుగు పడనివ్వవు. మార్చుకునే చోటు లేదని వెనకాడే ఆడవాళ్లు ఒంటి మీద నీళ్లు పోసుకోకుండా తల మీద చల్లుకుని సరిపెట్టడం మేలు.

ఇదంతా పాతిక నిమిషాల్లో ముగించండి. అంతకు మించి కూర్చుంటే పిక్కలు చల్లబడి బిగుసుకుంటాయి, లేచాక మొదటి కిలోమీటరు నరకంగా ఉంటుంది. లేచేముందు మడమలు పైకి కిందికి పదిసార్లు ఆడించండి.

అరుణాచలం వెళ్లి వచ్చినవాళ్లు తరచూ నాతో అంటారు, "అక్కడ ఇవేవీ అవసరం పడలేదే" అని. అరుణాచల గిరి వలయం 14 కిలోమీటర్లు. దారిలో సముద్రం లేదు. ఇక్కడ సముద్రం దగ్గరకు వచ్చేసరికే దాదాపు అంత దూరం నడిచేసి ఉంటారు. అక్కడి అలవాటు ఇక్కడ సరిపోదు.

అక్కడి నుంచి గోపాలపట్నం దాకా

ఎం.వి.పి. కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్.బి. కాలనీ, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్.ఎ.డి. కూడలి. కాళ్లు పొడిగా ఉంటే ఈ దారిలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గంటన్నరకు ఒకసారి నిలబడే అయిదు నిమిషాలు ఆగండి. బొబ్బ లేచిందంటే చిదమకండి, దూది పెట్టి వదులుగా గుడ్డ చుట్టండి. వర్షం పడితే ఆగినప్పుడల్లా సందులు తుడవండి.

మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలానికి పాత కాలిబాట ఉంది. అలసిపోయినవాళ్లకు అటు వెళ్లాలనిపిస్తుంది. అటు ఎక్కితే కొండ చుట్టినట్టు కాదు, పైగా చీకట్లో రాళ్ల దారి. వద్దు.

గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల దాటి మళ్లీ తొలి పావంచా చేరేసరికి తెల్లవారుజామున మూడు అవుతుంది. బయలుదేరిన మెట్టుకే మొక్కాలి. కొబ్బరి చిప్పలు అప్పటికి ఇంకా ఎక్కువగా ఉంటాయి, కాలు జరుపుతూనే రండి.

దర్శనం

పౌర్ణమి ఉదయం దర్శనం చేసుకోకుండా ఇంటికి వెళ్లకండి. అక్షయ తృతీయ నాడు చందనం తీసిన నిజరూప దర్శనం అయ్యాక స్వామికి నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం సమర్పిస్తారు. వైశాఖ పౌర్ణమి, జ్యేష్ఠ పౌర్ణమి దాటి చివరి విడత ఈ ఆషాఢ పౌర్ణమి నాడే. దానితో స్వామి నిండు చందనంలో నిత్యరూపానికి వస్తాడు. రాత్రంతా చుట్టిన కొండ మీద ఆ రూపం చూడటం కోసమే నేను నడుస్తాను.

మెట్లు వెయ్యి వరకు ఉంటాయి. కాళ్లు బాగుంటే నెమ్మదిగా ఎక్కండి. బొబ్బలు లేచి ఉంటే మొండికేయకుండా ఘాట్ రోడ్డు బస్సు ఎక్కండి. ఇంటికి వచ్చాక కాళ్లు వేడినీళ్లలో పెట్టవద్దు, నలిగిన చర్మం ఇంకా నానుతుంది. చల్లటి నీళ్లతో కడిగి, తుడిచి, కాళ్ల కింద తలగడ పెట్టుకుని పడుకోండి. రెండో తువ్వాలు ఉతికి సంచిలోనే పెట్టండి, వచ్చే ఆషాఢానికి.