కొత్త భాష కట్టడం – ఆరో పాఠం: విభక్తి మాటలకు హద్దులు

కిందటి పాఠంలో చెట్టు, నీరు, నడక వంటి వాటికి మాటలు ఏర్పరచుకున్నాం. చెట్టును వేలుపెట్టి చూపవచ్చు. 'తో', 'కి', 'నుంచి' వంటి మాటలకు చూపడానికి వస్తువేదీ ఉండదు కనుక కొత్త భాషలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందుగా మన 'తో'ను పరీక్షిద్దాం. "అన్నతో వచ్చాడు", "కత్తితో కోశాడు", "ఆకలితో ఏడ్చాడు" అన్నప్పుడు మాట ఒకటే అయినా తోడు, సాధనం, కారణం అనే మూడు సంబంధాలున్నాయి. లుడ్విక్ జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన కృత్రిమ భాష ఎస్పరాంటోలో వీటికి వరుసగా 'కున్', 'పెర్', 'ప్రో' అని వేర్వేరు మాటలున్నాయి. మనం ఆలోచించకుండా 'తో'కు బదులు ఒక్క మాట పెట్టి ఊరుకుంటే, తెలుగు వ్యాకరణాన్నే వేరే శబ్దాల్లో రాసుకున్నట్టవుతుంది. అందుకే నిర్వచనం జోలికి పోకముందు పదేసి వాక్యాలు రాసి, సంబంధాన్నిబట్టి వాటిని గుంపులు చేయండి. మూడింటికీ ఒకే మాట ఉంచడం తప్పు కాదు, తెలియక ఉంచడమే తప్పు.

తరువాతి పని, పక్కపక్కనున్న మాటల మధ్య హద్దు గీయడం. ఇందుకు ఎస్పరాంటోకు ఆధారగ్రంథమైన 1905 నాటి 'ఫుండమెంతో' అభ్యాసాల్లోని జంట కంటే మంచి నమూనా నాకు కనబడలేదు: 'గ్లాసో దె వీనో' అంటే ఇంతకుముందు వైను ఉన్న గ్లాసు, లేదా వైను కోసం వాడే గ్లాసు, 'గ్లాసో దా వీనో' అంటే వైను నిండిన గ్లాసు. నీళ్ళ చెంబుకూ చెంబెడు నీళ్ళకూ తేడా ఎరిగిన మనకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. 'దా అనేది పరిమాణవాచకం' అని పేజీ నిండా రాసినా ఇంత స్పష్టత రాదు.

అయినా 'దె' మీద భారం మిగిలే ఉంది. "లా లిబ్రో ఎస్తిస్ ప్రెనీతా దె మీఆ ఫ్రాతో" అన్న వాక్యంలో పుస్తకాన్ని నా సోదరుడు తీసుకున్నాడా, అతని దగ్గరనుంచి ఎవరో తీసుకున్నారా తేలదు. అనుమానం తీర్చడానికి కర్తకు 'ఫారె దె' అనీ, మూలస్థానానికి 'దిస్‌దె' అనీ వాడేవారున్నారు. కర్తనూ మూలాన్నీ ఒకే మాటతో చెప్పదలచుకున్నవారు 'తీసుకొను' వంటి క్రియతో ముందే పరీక్షించుకోవాలి.

ఏ గుంపులోనూ ఇమడని వాక్యాలు కొన్ని మిగులుతాయి. వాటికోసమే ఎస్పరాంటో పదహారు నియమాల్లో 14వది, సొంత అర్థం లేని 'యె' అనే మాటను ఇచ్చింది. ఇలాంటి మాట అవసరమే కాని, దానిపై కాపలా ఉండాలి: ఒకే సంబంధం పదేపదే అందులోకి చేరుతుంటే దానికి విడి మాట ఇవ్వండి, లేదా ఆ సంబంధాన్ని ఈ మాటకే అర్థంగా ఒప్పుకోండి. గడియారపు వేళ చెప్పడానికి 'యె' స్థిరపడింది ఈ రెండో దారిలోనే.

అభ్యాసం: "ఊరికి వెళ్ళాడు", "అమ్మకి ఇచ్చాడు", "మూడింటికి వచ్చాడు", "నాకు ఆకలి". కాలాన్ని చెప్పే ప్రత్యయాల పాఠానికి వచ్చేలోగా, ఈ నాలుగింటికీ మీ భాషలో ఎన్ని మాటలు కావాలో నిర్ణయించి, ఒక్కొక్క హద్దుకు ఒక్కొక్క జంట వాక్యం రాసి ఉంచుకోండి.