పాత అపార్ట్‌మెంట్‌లో స్లాబు కురుస్తుంటే: పగలగొట్టే ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

హన్మకొండలో నక్కలగుట్ట, సుబేదారి, బాలసముద్రం వైపు పాత అపార్ట్‌మెంట్లలో బాత్‌రూం కింద స్లాబు కురవడం మామూలే. అప్పుడు అందరూ చేసేవి రెండే పనులు: పైవాళ్ల టైల్స్ పగలగొట్టించడం, లేదా కింది సీలింగ్‌కు పుట్టీ పెట్టి రంగు వేయించడం. రెండూ తొందరపాటే. నీళ్లు స్లాబులోని సలాకల వెంబడి, వైరు పైపు వెంబడి మీటరో రెండు మీటర్లో పోయి, సందు దొరికిన చోట కారుతాయి. అందుకని మరక ఎక్కడుందో చూసినదానికన్నా అది ఏ వేళ తడుస్తుందో చూస్తే ఎక్కువ తెలుస్తుంది. చుక్కలు లైటు దగ్గరో ఫ్యాను దగ్గరో పడుతుంటే ముందు కరెంటు బోర్డులో ఆ గది ఎంసీబీ (స్విచ్చు) దించేయండి, మిగతావన్నీ తర్వాత.

వారం రోజులు కాగితం మీద వేళలు రాయండి. రాత్రింబవళ్లు ఒకే తీరుగా చుక్కలు పడుతుంటే ట్యాంకు నుంచి దిగే పైపు మీద అనుమానం, ఎందుకంటే అందులో నీళ్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. స్నానాల వేళ ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గితే నాని ట్రాప్ (నేల నీళ్లు మోరిలోకి దిగే జాలీ కింది గిన్నె), మోరి పైపు, టైల్స్ సందులు. మోటరు వేసినప్పుడే కారితే సంపు నుంచి పైకెళ్లే పైపు, లేదా ట్యాంకు ఓవర్‌ఫ్లో. వాన పడ్డ గంటకో మర్నాడో మొదలైతే టెర్రస్ లేదా బయటి గోడ.

ఇందులో ఒక మెలిక ఉంది. పాత బాత్‌రూంలలో స్లాబును అడుగు దాకా కిందికి దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో, పని మిగిలిన చెత్తతో నింపేవారు. అందులో బకెట్ల కొద్దీ నీళ్లు నిలుస్తాయి. పైవాళ్లు ఊరికిపోయి నాలుగు రోజులైనా కింద చుక్క ఆగదు. ‘మేం ఇంట్లో లేకున్నా కారింది, అంటే మాది కాదు’ అన్న మాట అందుకే చెల్లదు.

మొదట నీళ్ల పైపు పరీక్ష. టెర్రస్ మీద ఆ బాత్‌రూంల వరుసకు దిగే లైను వాల్వు రాత్రి కట్టేసి, కింది నల్లా తెరిచి లైను ఖాళీ చేయండి. పొద్దుటికి చుక్కలు బాగా తగ్గితే పైపే. పాత గేట్ వాల్వులు తిప్పితే తిరుగుతాయి గానీ నీళ్లు పూర్తిగా ఆగవు. అలాంటిదైతే ముందు బాల్ వాల్వు మార్చి పరీక్ష చేయాలి, లేకుంటే జవాబు తప్పుగా వస్తుంది. ఏ ఫ్లాటులో లీకో తేలకపోతే ప్రెజర్ టెస్టు చేయించండి. నల్లాలకు ప్లగ్గులు కొట్టి, గీజరు విడదీసి, చేతి పంపుతో 3 కిలోల ఒత్తిడి (చదరపు సెం.మీ.కు) ఎక్కించి అరగంట ముల్లు చూడాలి, ముల్లు పడిపోతుంటే ఆ లైనులో లీకున్నట్టే. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి లెక్క, కాబట్టి ఐదంతస్తుల బిల్డింగులో కింది నల్లా దగ్గర ఉండేది కిలోన్నరే. కొత్త పైపులకు ఇచ్చినట్టు పది కిలోలు కొడితే పాత జీఐ (జింకు పూత ఇనుప పైపు) లైనులో బాగున్న జాయింటు కూడా ఊడుతుంది. ఈ పంపు ప్లంబర్లందరి దగ్గరా ఉండదు, పిలిచేటప్పుడే అడగండి.

తర్వాత మోరి వైపు. నేల తడవకుండా గరాటుతో నేరుగా ట్రాప్‌లోకి నాలుగు బకెట్లు, నీలం ఫుడ్ కలర్ కలిపి పోయండి. కింద చుక్కలు పెరిగినా, నీలం కనబడినా లీకు ట్రాప్ జాయింటులోనో దాని కింది పైపులోనో ఉంది. రెండు రోజులు చూసినా ఏమీ రాకపోతే, పాలిథిన్ సంచిలో గుడ్డ చుట్టి ట్రాప్ మూతికి బిర్రుగా కొట్టి, గడప దాటకుండా నేల మీద 3 నుంచి 5 సెం.మీ. నీళ్లు ఆకుపచ్చ రంగుతో నింపండి. గోడకు పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. ఒకటి రెండు మి.మీ. ఆవిరికి పోతాయి. సెంటీమీటరు తగ్గితే నేల సందులే తాగుతున్నాయి. ఎర్ర రంగు మాత్రం వద్దు, తుప్పు పట్టిన సలాక మీదుగా వచ్చే నీళ్లు ఎలాగూ ఎర్రగానే ఉంటాయి. సిమెంటులోని క్షారానికి కొన్ని రంగులు వెలిసిపోతాయి కూడా, కాబట్టి నిమిషానికి ఎన్ని చుక్కలో కూడా లెక్కపెట్టండి. ఈ పరీక్షలు పైవాళ్లను పక్కన పెట్టుకొని చేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

నేల సందులే అయితే పగలగొట్టాల్సిన పని లేదు. పాత గ్రౌటును (టైల్స్ సందుల్లో నింపిన మసాలాను) 3 మి.మీ. లోతు గీకి, రెండు రోజులు బాత్‌రూం ఎండనిచ్చి ఎపాక్సీ గ్రౌట్ నింపాలి. తడి ఉంటే అది పట్టదు. దానితో వచ్చే రెండు డబ్బాలూ పొడీ మొత్తం ఒకేసారి కలపాలి, అందాజాగా సగం సగం కలిపితే గట్టిపడదు.

ట్రాప్ లీకైతే చుట్టూ అడుగు మేర టైలు తీసి, ట్రాప్‌కూ కాంక్రీటుకూ మధ్య 25 మి.మీ. వెడల్పు, అంతే లోతు గాడి కొట్టాలి. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దానికి అంటదు. గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంట్ సిమెంటు పూసి, తడి ఆరకముందే సన్న ఇసుక చల్లి, ఎండాక నాన్-ష్రింక్ గ్రౌటుతో గాడి నింపాలి. మామూలు సిమెంటు ఎండితే కుంచించుకుపోయి వెంట్రుకంత సందు వదులుతుంది, నీళ్లకు అది చాలు.

గుంత మొత్తం నీళ్లు తాగి ఉంటే మాత్రం తవ్వక తప్పదు. చెత్తంతా తీసి, మూలలు గుండ్రంగా మసాలా కట్టి, పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, ఒకటి నిలువు ఒకటి అడ్డం వేయాలి. గోడలకు పూర్తయిన నేలపైన ఒక అడుగు, షవర్ గోడకు ఐదారు అడుగులు. గుంత అడుగున నీళ్లు షాఫ్ట్‌లోకి (పైపులు దిగే సందులోకి) పోయేలా సన్న పైపు పెట్టించండి, రేపు లీకైతే అక్కడ కనబడి ముందే చెబుతుంది. నింపే ముందు 48 గంటలు నీళ్లు నిలిపి కింద చూడాలి. మేస్త్రీలు ఎక్కువగా దాటేసేది ఈ పరీక్షనే. సిమెంటు బస్తాకు 200 మి.లీ. కలిపే వాటర్‌ప్రూఫ్ ద్రావకం గిలాబుకు సాయం చేసేదే, పూతకు బదులు కాదు.

జీఐ పైపు ఒకచోట తూటు పడిందంటే మిగతాదీ ఆ వయసులోనే ఉంది. బోరు నీళ్ల ఉప్పు లోపల పేరుకొని ఉంటుంది. క్లాంపు వారం పది రోజుల ఉపాయమే, ఆ బాత్‌రూం లైనంతా సీపీవీసీకి (వేడినీళ్లకు ఆగే ప్లాస్టిక్ పైపుకు) మార్చండి. పైపు తిన్నగా కోసి, అంచు గీకి, తుడిచి, సాల్వెంట్ పూసి, పావు చుట్టు తిప్పుతూ నెట్టి అర నిమిషం పట్టుకోవాలి. రోజంతా ఆగి నీళ్లు వదలండి. నల్లా బిగించే చోట లోపల ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడాలి. ప్లాస్టిక్ మరలు పానాతో బిగిస్తే గోడలోనే పగులుతాయి, ఆరు నెలల తర్వాత టైలు వెనక నిమ్ముగా తెలుస్తుంది.

టెర్రస్ సంగతి వేరు. ఎక్కువసార్లు తప్పు స్లాబుది కాదు, వాన నీటి పైపు మూతిది, పిట్టగోడ అడుగుది. మూతి చుట్టూ పగుళ్లు చూడండి, రావి మొలక ఉంటే కోస్తే మళ్లీ వస్తుంది, గిలాబు తీసి వేరుతో సహా లాగి నింపాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకు స్లాబు సాగి, ఒక్క వానకు చల్లబడితే పగుళ్లు తెరుచుకుంటాయి. అందుకే సిమెంటు పెట్టి పూడ్చినవి మళ్లీ విచ్చుకుంటాయి. సెంటీమీటరు లోతు గాడి కొట్టి, సాగే పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ నింపి, మీద ఫైబర్ జాలి పరచి పూత వేయాలి.

పూతకు ముందు టెర్రస్ ఎండిందో లేదో చూసుకోవాలి. మీటరు పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగున నీటి బొట్లుంటే లోపల ఇంకా తడే, అప్పుడు పూత వేస్తే బుడగలొస్తాయి. ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. మే నెలలో చేయక తప్పదంటే పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత. ఏదైనా మృగశిర కార్తెకు ముందే ముగించాలి. నీళ్లు నిలిపి పరీక్ష చేసే ముందు కింది సీలింగ్ చూడండి: 5 సెం.మీ. నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోలు. సలాకలు బయటపడ్డ స్లాబు మీద ఆ బరువు పెట్టొద్దు.

ఖర్చు ఎవరిదన్న దానికి సాధారణంగా పాటించే లెక్క: టెర్రస్, ట్యాంకు, నిలువు పైపులు అందరివి కాబట్టి అసోసియేషన్‌ది, బాత్‌రూం నేల, లోపలి పైపులు ఆ ఫ్లాటు వాళ్లవి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో బిల్డర్ బాధ్యత ఫ్లాటు అప్పజెప్పినప్పటి నుంచి ఐదేళ్లే, పాత బిల్డింగులకు ఆ దారి లేదు.

కింది సీలింగ్ చివరన. చుక్క ఆగిన మూడు నాలుగు వారాలకు ఊడే గిలాబు తీసి, సలాకలకు వైరు బ్రష్ కొట్టి, తుప్పు ఆపే ప్రైమర్ పూసి, పాలిమర్ మసాలా సెంటీమీటరు చొప్పున పొరలుగా ఎక్కించాలి. సలాక కంటికి తెలిసేంత సన్నబడి ఉంటే మేస్త్రి మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు మాట వినండి. బతుకమ్మ, దసరాకు ఇల్లు మెరవాలని చాలామంది సెప్టెంబరులో రంగులు వేయిస్తారు. అప్పటికి గోడల్లో వాన తడి ఇంకా ఉంటుంది, సంక్రాంతికల్లా పెచ్చులు లేస్తాయి. మరక ఉన్న గది ఒక్కదాన్నైనా డిసెంబరు దాకా అలాగే వదిలేయండి.