బెంగళూరు బడిలో అయిదు నిమిషాల తెలుగు సినిమా: పిల్లలతో ఎలా తీయించాలి?

పిల్లలు తీసిన సినిమాలో బొమ్మ కాస్త వణికినా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట వినబడకపోతే మాత్రం రెండో నిమిషానికే హాల్లో కబుర్లు మొదలవుతాయి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో సగానికి పైగా శ్రమ రిహార్సల్స్‌కీ, శబ్దానికీ పోతుంది. ముందు నాటకంగా తయారు చేసి, ఆ తర్వాతే కెమెరా తీయాలి. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా పన్నెండు, పదిహేను మంది పిల్లలు, రెండు స్మార్ట్‌ఫోన్లు, ఒక ట్రైపాడ్, వరసగా అయిదు శనివారాలు ఉంటే చాలు.

1. కథ: రెండు చోట్లు, నలుగురు పాత్రలు

బడి లోపల ఒక చోటు, బయట ఒక చోటు. అంతకు మించితే పిల్లల్ని తిప్పడానికే రోజు అయిపోతుంది. మాట్లాడే పాత్రలు నలుగురు మించకూడదు. పిల్లల వయసు పాత్రలే రాయించండి. తలకు పౌడరు పూసి తాతయ్యను చేయడం స్టేజీ మీద చెల్లుతుంది, క్లోజప్‌లో చెల్లదు. తాతయ్య కావాలంటే ఎవరింట్లోనైనా ఉన్న నిజం తాతయ్యనే అడగండి.

కథ పిల్లల బతుకులోంచే రావాలి: అద్దె ఇల్లు మారడం, నీళ్ల ట్యాంకరు రాని రోజు, హిందూపురం నుంచి కొత్తగా వచ్చి కన్నడ క్లాసులో బిక్కమొహం వేసిన పిల్ల. పాత కథను తీసుకోవాలనుకుంటే రచయిత పోయి అరవై ఏళ్లు దాటి ఉండాలి. మన దేశంలో రచనల హక్కు రచయిత మరణం తర్వాత అరవై ఏళ్లే ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ఆయన కథలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాసింది గడియారం పెట్టుకుని పైకి చదివించండి. మూడు నిమిషాలు పడితే సినిమా అయిదు నిమిషాలు వస్తుంది. నడకలు, చూపులు, మౌనాలు మిగతా సమయం తీసుకుంటాయి. చదవడానికే అయిదు పట్టిందా, కోత పెట్టాల్సిందే.

2. స్క్రిప్టు ఏ లిపిలో?

బెంగళూరులో చాలామంది తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. అలాంటప్పుడు డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇవ్వడం అలవాటైపోయింది. అది చెడ్డ పద్ధతి. పాట, పాత, పట మూడూ ఒకేలా కనబడతాయి. దీర్ఘాలు, ట-త తేడాలు పోయి పిల్ల నోట వింత యాస పడుతుంది. బడిలో కన్నడ చదివే పిల్లలకు తెలుగు డైలాగుల్ని కన్నడ లిపిలో రాసివ్వండి. రెండు లిపులూ దగ్గరివి, అక్షరానికి అక్షరం ఉంది, ఉచ్చారణ చెడదు. ఆ వరసలో తెలుగు అక్షరాలు కూడా పట్టుబడితే మరీ మంచిది.

మాటల్లో కన్నడం, ఇంగ్లీషు కలిస్తే కలవనివ్వండి. ఈ ఊరి పిల్లలు అలాగే మాట్లాడతారు. పుస్తకాల తెలుగు పెడితే అప్పజెప్పినట్టు ఉంటుంది.

3. రిహార్సల్: రెండు శనివారాలు, కెమెరా లేకుండా

నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసి బెంచీ ఎక్కడో, తలుపు ఎక్కడో చూపించండి. ఎవరు ఏ మాట దగ్గర లేవాలి, ఎటు నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నీ స్థిరపడాలి. డైలాగు కంఠతా వచ్చాకే కదలిక నేర్పండి. రెండూ ఒకేసారి పెడితే పిల్లలు నడుస్తూ మాట మరిచిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది వాక్యం చివర. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. పిల్లలేమో ఊపిరి అయిపోయి సరిగ్గా అక్కడే గొంతు దించేస్తారు. "నేను వాడికి చెప్ప..." వరకు వినిపించి, చెప్పాడో చెప్పలేదో తెలియకుండా పోతుంది. ప్రతి వాక్యంలో ఆఖరి మాటను మాత్రమే వరసగా గట్టిగా పలికించండి, తర్వాత వాక్యం మొత్తం చెప్పించండి. పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. అరవమని మాత్రం చెప్పొద్దు. స్టేజీ మీద ఆఖరి బెంచీకి మాట్లాడతాం, కెమెరా ముందు ఎదుటి మనిషికే మాట్లాడాలి.

వీలైతే ఈ వారాల్లోనే పిల్లల్ని జె.పి. నగర్‌లోని రంగ శంకరకు ఒక నాటకానికి తీసుకెళ్లండి. 2004లో మొదలైన ఆ రంగస్థలంలో మైకు లేకుండా గొంతు ఎలా నిలుస్తుందో చెవులారా వినొచ్చు. అక్కడ ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి పంపరు, ముందే చేరుకోండి.

4. అనుమతులు

ప్రధానోపాధ్యాయుల అనుమతి, నటించే ప్రతి పిల్ల తరఫున తల్లి లేదా తండ్రి సంతకం చేసిన కాగితం ముందే ఉండాలి. సినిమా ఎక్కడ చూపిస్తారో ఆ కాగితంలో స్పష్టంగా రాయండి. బడిలో చూపడానికి ఒప్పుకున్నవాళ్లు ఇంటర్నెట్‌కు ఒప్పుకోకపోవచ్చు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉద్యాన శాఖ చేతిలో ఉన్నాయి. అక్కడ గానీ మెట్రో స్టేషన్లలో గానీ అనుమతి లేకుండా ట్రైపాడ్ దింపొద్దు. బడి మైదానం, అపార్ట్‌మెంటు వరండా హాయి.

5. శబ్దం

రెండో ఫోను ఇందుకే. దాన్ని రికార్డర్‌గా మార్చి, మాట్లాడే పిల్ల చొక్కా జేబులో గానీ, ముందున్న పుస్తకాల మధ్య గానీ దాచండి. నోటికీ మైకుకూ జానెడు, జానెడున్నర దూరం మించకూడదు. రెండడుగులు దాటితే గది మారుమోత మాటను మింగేస్తుంది. చొక్కాకు తగిలించే వైరు మైకు ఉంటే ఇంకా మేలు, కానీ బట్ట రాపిడి రాకుండా చిన్న టేపు ముక్కతో వైరును లోపల అతికించండి.

రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఫ్యాన్లు ఆపండి. వాటి హోరు ఎడిటింగ్‌లో పోదు, పోగొట్టబోతే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. బెల్లు వేళలు, పక్క రోడ్డు రద్దీ, మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు ఎప్పుడెప్పుడో ముందువారమే రాసుకోండి. ఒంటిపూట బడి అయ్యాక శనివారం మధ్యాహ్నం తరగతి గది దృశ్యాలకు బాగుంటుంది.

ప్రతి టేక్ ముందు ఒక పిల్లవాడు పలక మీద దృశ్యం, షాట్, టేక్ నంబర్లు రాసి కెమెరాకు చూపి, పైకి చదివి, ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. చేతులు కలిసిన ఫ్రేమునూ ఆ చప్పుడునూ కలిపితే రెండు ఫోన్ల రికార్డింగులూ కలిసిపోతాయి. అన్నిటికీ ఆడియోలో 48 కిలోహెర్ట్జ్ సెట్టింగు పెట్టండి.

ఇంకొకటి అందరూ మరిచిపోతారు. ప్రతి చోటా అందరినీ నిలబెట్టి, ముప్పై సెకన్ల పాటు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. మాటల మధ్య కోత పెట్టిన చోట దాన్ని నింపకపోతే శబ్దం తెగితెగి వినిపిస్తుంది.

6. కెమెరా

వీడియో నాణ్యత 1080పి చాలు. నిమిషానికి సుమారు 130 ఎంబీ పడుతుంది. అయిదు నిమిషాల సినిమాకు యాభై నిమిషాలు తీస్తారనుకుంటే ఆరేడు జీబీ అవుతుంది, ఇరుకు లేకుండా పదిహేను జీబీ ఖాళీ ఉంచుకోండి. ఫోను ఎప్పుడూ అడ్డంగానే.

ట్యూబులైట్ల కింద తీస్తే తెర మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది, ఫోను షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే సమయం, దానితో కలవకపోవడమే కారణం. షట్టర్‌ను 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టి, కుదిరితే సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. ఫోనులో ఆ సౌకర్యం లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ చాలా ఫోన్లలో పనిచేస్తుంది. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. లేకపోతే ఎవరైనా వెనక నుంచి నడిచినప్పుడల్లా బొమ్మ వెలుగు ఎక్కి దిగుతుంది.

ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకోండి. అన్ని షాట్లూ ఆ గీతకు ఒకే పక్క నుంచి తీయాలి. దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనబడతారు. ముందు దృశ్యం మొత్తం దూరం నుంచి ఒకసారి, తర్వాత ఒక్కొక్కరి ముఖం. బయట దృశ్యాలకు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి ఎండ. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రాలు నమ్ముకోకండి, వాన పడుతుంది.

7. సంగీతం

సినిమా పాట వాడొద్దు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బడిలో పిల్లలు పాడటానికీ ఆడటానికీ మినహాయింపు ఇస్తుంది. అయితే చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడికి సంబంధించినవాళ్లు అయి ఉండాలి. అదే పాటను సినిమాలో కలిపి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు అందదు. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఇవాళ్టి గాయకులు పాడిన రికార్డింగుకు వేరే హక్కు ఉంటుంది. కాబట్టి మీ పిల్లలే పాడాలి, వాయించాలి.

ఆడపిల్లలకూ చిన్న మగపిల్లలకూ కలిపి అయిదు శ్రుతి (కీబోర్డు మీద జి స్వరం) సాధారణంగా సరిపోతుంది. గొంతు మారుతున్న మగపిల్లలను పాడమని బలవంతం చేయకుండా తాళం, కంజీర, బెంచీ మీద దరువు ఇవ్వండి. శ్రుతి వినిపించే తంబూరా యాప్ శబ్దాన్ని పాడేవాళ్లకు ఇయర్‌ఫోన్‌లో మాత్రమే వినిపించండి. గదిలో మోగిస్తే, పాటలో కోత పెట్టిన ప్రతిచోటా శ్రుతి ఎగిరిపడుతుంది. తర్వాత శ్రుతిని విడిగా కింద పరిస్తే కోతలు కూడా వినబడవు.

8. ఎడిటింగ్, ప్రదర్శన

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌ను బడి కంప్యూటర్ తట్టుకుంటే అదే వాడండి. చాలా ఫోన్లు ఫ్రేము వేగాన్ని నిలకడగా ఉంచవు కాబట్టి పొడవైన టేకుల్లో పెదవులూ మాటా విడిపోతూ వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చి తెచ్చుకుంటే ఆ బాధ తప్పుతుంది. ముందు మాటలు, తర్వాత బొమ్మలు, ఆఖరున సంగీతం. మాట్లాడుతున్నప్పుడు సంగీతం బాగా తగ్గాలి.

కన్నడ సబ్‌టైటిళ్లు తప్పకుండా వేయండి, క్లాసులో కన్నడ పిల్లలతోనే రాయించండి. ఒకసారికి రెండు వరసలు మించొద్దు, ఒకటిన్నర సెకను కన్నా ముందు మాయం కావొద్దు. ప్రదర్శన రోజు ప్రొజెక్టర్‌లో ఉన్న చిన్న స్పీకరును నమ్మకండి. బడి ప్రార్థనకు వాడే స్పీకర్లను తెర పక్కన పెట్టి, ఆఖరి వరసలో కూర్చుని విని చూడండి.

అసలు ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.