ఇంట్లో స్టూడియో మానిటర్లు, 3వ పాఠం: బల్ల చేసే చెరుపు

పోయిన రెండు పాఠాల్లో మానిటర్లు, అంటే పాట మిక్స్ చేస్తూ వినే స్పీకర్లు రెండూ, మీ తల సమాన దూరంలో ఉండేలా త్రిభుజం కుదుర్చుకున్నాం. ట్వీటర్లు, అంటే స్పీకర్‌లో పై స్వరాలు పలికే చిన్న బుడిపెలు, చెవుల వైపు తిప్పాం. ఈసారి పాఠమంతా బల్ల గురించే. దాని మీద ఎవరికీ అనుమానం రాదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

నిరుడు బతుకమ్మ పండుగకు ముందు, నల్గొండలో మా వీధి అక్క ఒకరు పాడిన పాట మిక్స్ చేశాను. నా గదిలో ఆమె గొంతు డొల్లగా, వెనక ఎక్కడో ఉన్నట్టు వినిపించింది. ఈక్యూలో, అంటే ఒక్కో స్వరం పాలు పెంచే తగ్గించే సాధనంలో, 850 హెర్ట్జ్ చుట్టూ 5 డెసిబెల్స్ పెంచితే నిండుగా అనిపించింది. మర్నాడు ఆటోలో పెట్టి వినిపిస్తే అక్క ముఖం మాడింది. "గిదేంది తమ్మీ, సర్దయినోళ్ల లెక్క పాడిన్నా నేను?" అంది. అచ్చం అట్లే ఉంది, ముక్కుతో పాడినట్టు. అంత బాగా పాడిన మనిషిని నేను బాధపెట్టాను. ఆమె గొంతులో గానీ రికార్డింగ్‌లో గానీ ఏ లోపమూ లేదు. 850 దగ్గర గొంతు తగ్గిపోయిన ఆ గుంట నేను కూర్చునే కుర్చీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఎందుకంటే స్పీకర్ నుంచి శబ్దం మీ చెవికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, రెండోది బల్లకు తగిలి. నా బల్ల మీద టేపు పెట్టి కొలిచాను. ట్వీటర్ బల్లకు 25 సెంటీమీటర్ల ఎత్తున ఉంది, నా చెవి 40 ఎత్తున. మధ్య దూరం 90. లెక్క వేస్తే నేరు దారి 91 సెంటీమీటర్లు, బల్ల దారి 111. రెండోది 20 సెంటీమీటర్లు వెనకబడుతుంది. ఆ 20 ఏ అలకు సరిగ్గా సగం పొడవో, ఆ అల దగ్గర ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. శబ్దవేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. దాన్ని ఆ అల పూర్తి పొడవుతో, అంటే 20కి రెట్టింపు 0.4 మీటర్లతో భాగిస్తే 860 హెర్ట్జ్. నేను ఈక్యూ పెంచిన చోటు దాదాపు అదే!

ఇప్పుడు మీ బల్ల చూద్దాం. గడ్డం గీసుకునే చిన్న అద్దం తెచ్చి, స్పీకర్‌కూ మీకూ మధ్య బల్ల మీద పడుకోబెట్టండి. రోజూ కూర్చునేలాగే కూర్చుని, అద్దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట ట్వీటర్ గుండ్రటి బుడిపె అద్దంలో కనిపిస్తుంది. బల్లకు శబ్దం తగిలి మీ చెవికి వచ్చేది అక్కడి నుంచే. చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. నాకది ట్వీటర్ నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది.

ఆ గుర్తు మీద గొంగడిని నాలుగు మడతలు వేసి పరచండి. గొంగడి లేకపోతే బొంతయినా సరే. ఒక్క స్పీకరే ఆన్‌లో ఉంచి, తెలిసిన గొంతు ఏదైనా వింటూ గొంగడి వేసి తీసి, వేసి తీసి చూడండి. మొదటిసారి తేడా దొరకకపోవచ్చు. నాలుగైదు సార్లకు పట్టుబడుతుంది. వేసినప్పుడు మాట దగ్గరకొస్తుంది, తీయగానే కొంచెం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఈ తేడా చెవికి అందేదాకా తర్వాతి పనికి పోవద్దు.

రోజూ గొంగడి పరిచి కీబోర్డు ఎక్కడ పెట్టుకుంటాం? అందుకని స్పీకర్లను లేపాలి. స్టాండ్లు కొనక్కర్లేదు, ఇటుకలు చాలు. మన ఇటుక మందం సుమారు 3 అంగుళాలు. పక్కపక్కన రెండు, వాటి మీద ఇంకో రెండు. అంటే స్పీకర్‌కు నాలుగు, మొత్తం ఎనిమిది. పొడి రాలకుండా పాత బట్ట చుట్టండి. అదురు బల్లకు దిగకుండా పైన సైకిల్ ట్యూబు ముక్కలు వేయండి. చెప్పుల రబ్బరు కూడా పనికొస్తుంది గానీ, పాట పలికే పెట్టె కింద అది పెట్టడానికి నాకు మనసొప్పదు.

15 సెంటీమీటర్లు లేచేసరికి నా ట్వీటర్ చెవికి సరిసమానంగా వచ్చింది. శబ్దం తగిలే చోటు 35 నుంచి 45కి జరిగింది. స్పీకర్ ముందు నా బల్ల మిగిలింది 40 సెంటీమీటర్లే కాబట్టి ఆ చోటు బల్ల దాటి నా ఒడి మీద గాలిలో పడింది. అద్దాన్ని బల్ల అంచుదాకా జరిపినా ట్వీటర్ కనిపించలేదు. మీ బల్ల వెడల్పయితే స్పీకర్లను మీ వైపున్న బల్ల అంచుకు, కుర్చీని అంతే దూరం వెనక్కి జరపండి, త్రిభుజం చెడకుండా. బల్ల ప్రభావం పూర్తిగా పోదు, కింది స్వరాల్లో కొంత మిగులుతుంది. దానికోసం చాలా స్పీకర్లకు వెనక స్విచ్ ఉంటుంది. యమహా హెచ్ఎస్5లో అయితే రూమ్ కంట్రోల్ అనేది 500 హెర్ట్జ్ కిందిదాన్ని 2 లేదా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ముందు ఇటుకలు, తర్వాతే స్విచ్.

గది మూలల్లో బేస్ గుమిగూడడం, పత్తి నింపిన పలకలు వచ్చే పాఠంలో.

ఈలోగా ఇంట్లోవాళ్ల చేత ఒక నిమిషం మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇటుకలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వినండి. ఆ వెంటనే వాళ్లనే గదిలోకి పిలిచి, స్పీకర్ల మధ్య నిలబెట్టి, అవే మాటలు మళ్లీ చెప్పించుకోండి. ఏది ఆ మనిషి గొంతుకు దగ్గరగా ఉందో నోటుబుక్కులో రాసుకోండి.