వోల్టేజ్, కరెంట్ తెలిస్తే రెసిస్టెన్స్, పవర్ లెక్కేయడం ఎలా

వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్, ఫార్ములా అంటే ఇంతే. 12 వోల్టుల మీద 0.5 ఆంపియర్ లాగే హీటర్ కాయిల్ ఉందనుకోండి, భాగిస్తే 24 ఓమ్స్, గుణిస్తే 6 వాట్స్. ఇది అందరికీ వచ్చు, కానీ లెక్క తప్పేది ఎక్కడంటే ఏ వోల్టేజ్ తీసుకోవాలి అన్న దగ్గర, అందుకే దాని గురించే కాస్త ఎక్కువ చెప్తాను.

ముందు యూనిట్లు చూస్కోండి. మీటర్ మిల్లీఆంపియర్లలో చూపిస్తే 1000తో భాగించి ఆంపియర్లలోకి మార్చాకే మొదలుపెట్టాలి, 20 మిల్లీఆంపియర్లంటే 0.02 ఆంపియర్. మార్చకుండా వేస్తే రెసిస్టెన్స్ వెయ్యి రెట్లు తక్కువ, పవర్ వెయ్యి రెట్లు ఎక్కువ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. 9 వోల్టుల బ్యాటరీకి ఒక రెసిస్టర్, దాని వెనకే ఎర్ర ఎల్ఈడీ సిరీస్‌లో పెట్టి 20 మిల్లీఆంపియర్లు పోనివ్వాలి. రెసిస్టర్ ఎంతది కావాలి అంటే వెంటనే 9ని 0.02తో భాగించేసి 450 అంటారు, అది తప్పు, ఎందుకంటే ఆ 9లో సుమారు 2 వోల్టులు ఎల్ఈడీ మీదే పడతాయి, రెసిస్టర్‌కి మిగిలేది 7. సో 7ని 0.02తో భాగిస్తే 350 ఓమ్స్. ఏ పార్ట్ లెక్క వేస్తున్నామో ఆ పార్ట్ రెండు కాళ్ల మధ్య ఉన్న వోల్టేజే తీసుకోవాలి, సప్లై వోల్టేజ్ కాదు. దగ్గర్లో మామూలుగా దొరికే వాల్యూ 390, అది పెడితే కరెంట్ 18 మిల్లీఆంపియర్ల దాకా వస్తుంది, ఎల్ఈడీకి అది చాలు. పవర్ 7 ఇంటూ 0.018, అంటే 0.126 వాట్, కాబట్టి పావు వాట్ రెసిస్టర్ హాయిగా సరిపోతుంది. ఈ పవర్ లెక్క మాత్రం వదిలేయకండి, ఓమ్స్ కరెక్ట్‌గా ఉన్నా వాటేజ్ చాలకపోతే రెసిస్టర్ మాడిపోతుంది.

కొలిచేటప్పుడు వోల్టేజ్‌కి మీటర్ ప్రోబ్స్ పార్ట్‌కి రెండు వైపులా ఆనిస్తే చాలు, కరెంట్‌కైతే వైర్ విప్పి మీటర్‌ని మధ్యలో సిరీస్‌లో పెట్టాలి. కరెంట్ మోడ్‌లో ఉంచి ప్రోబ్స్ డైరెక్ట్‌గా సప్లైకి ఆనిస్తే షార్ట్ అయినట్టే, మీటర్ ఫ్యూజ్ పోతుంది. ఇంట్లో వచ్చే మెయిన్స్ కరెంట్ మీద ఈ ప్రయోగాలు దయచేసి వద్దు, బ్యాటరీ మీదే నేర్చుకోండి.

రెసిస్టెన్స్ ముందే తెలిస్తే పవర్‌కి ఇంకో రెండు దారులున్నాయి, కరెంట్ స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్, లేదా వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్. ఈ స్క్వేర్ వల్లే 24 ఓమ్స్ కాయిల్‌కి 12 బదులు 24 వోల్టులిస్తే పవర్ 6 నుంచి 12 కాదు, ఏకంగా 24 వాట్స్ అవుతుంది.

పాత ఫిలమెంట్ బల్బు సంగతి వేరే. 230 వోల్టుల 60 వాట్ బల్బు లెక్క ప్రకారం వెలుగుతున్నప్పుడు దాదాపు 880 ఓమ్స్, అదే ఆర్పేసి చల్లారాక మీటర్ పెడితే అందులో పదో వంతు కూడా చూపించకపోవచ్చు, మీటర్ పాడవలేదు, ఫిలమెంట్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది అంతే. ఇంటి మెయిన్స్ కరెంట్ (ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంట్) మీద నడిచే ఫ్యాన్, మోటార్ లాంటి వాటికి వోల్టేజ్ ఇంటూ కరెంట్ వేస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు, వాట్స్ కావాలంటే దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా ఖర్చయ్యే వంతు ఎంతో చెప్పే 1 దాటని సంఖ్యతో కూడా గుణించాలి.