వెబ్ టెన్షన్ పాఠాలు – 5: డ్యాన్సర్ రోలరూ, దాని వెనక గాలీ

ప్రింటింగ్ మెషిన్‌లో రీల్ నుంచి విడిపోతూ ఎడతెగకుండా నడిచే ఫిల్మే వెబ్, దాని మీద ఉండే లాగుడే టెన్షన్. డ్యాన్సర్ అంటే ఆ వెబ్ చుట్టుకుని వెళ్లే, గాలి సిలిండర్ బలంతో అటూ ఇటూ కదిలే రోలర్. దాని దగ్గరికి వెళ్లే ముందు పోయిన పాఠం లెక్క తేల్చుకుందాం. ఫిల్మ్ 20 మైక్రాన్ల బీఓపీపీ (రెండు దిశల్లో సాగదీసిన పాలీప్రొపిలీన్), వెడల్పు 1000 మి.మీ. నిండు రీల్ వ్యాసం 600 మి.మీ., కోర్ బయటి వ్యాసం 92 మి.మీ. కావలసిన టెన్షన్ 100 న్యూటన్లు. అన్‌వైండర్ (రీల్‌ను విప్పే భాగం) బ్రేక్ మొదట్లో ఎంత టార్క్ (తిప్పుడు బలం) ఇవ్వాలి, చివర్లో ఎంత? చాలామంది 60, 9.2 అని రాశారు. సరైన జవాబు 30 న్యూటన్-మీటర్లు, 4.6 న్యూటన్-మీటర్లు. టెన్షన్‌ను గుణించాల్సింది వ్యాసార్ధంతో. వ్యాసంతో గుణిస్తే రెండు జవాబులూ రెట్టింపవుతాయి గానీ వాటి నిష్పత్తి మాత్రం అదే 6.5 వస్తుంది. అందుకే ఈ తప్పు కాగితం మీద కనిపించదు, మెషిన్ మీదే బయటపడుతుంది.

ఇంకొందరు కోర్ లోపలి వ్యాసం 76 మి.మీ. తీసుకుని 3.8 అన్నారు. ఫిల్మ్ చుట్టుకునేది కోర్ పైన కాబట్టి బయటి కొలతే కావాలి. ఈ తేడా 17 శాతం. కిలోల్లో లెక్క చేసినవాళ్లు 9.8తో గుణించి న్యూటన్లలోకి మార్చుకోండి, మళ్లీ మళ్లీ చెప్పను.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బ్రేక్‌ను 30 దగ్గర పెట్టి రీల్ అయిపోయేదాకా ముట్టుకోకపోతే, కోర్ దగ్గర టెన్షన్ 30 ÷ 0.046, అంటే దాదాపు 650 న్యూటన్లు అవుతుంది. ఈ ఫిల్మ్ అడ్డుకోత వైశాల్యం 20 చదరపు మి.మీ. 100 న్యూటన్లకు ఫిల్మ్‌లో ఒత్తిడి (స్ట్రెస్) 5 మెగాపాస్కల్స్, సాగుదల సుమారు 0.25 శాతం. 650 దగ్గర ఒత్తిడి 32 దాటుతుంది, సాగుదల 1.6 శాతం. 600 మి.మీ. రిపీట్ (ఒకే డిజైన్ మళ్లీ వచ్చే దూరం) ఉన్న పనిలో అది 10 మి.మీ.కు దగ్గరగా ఉంటుంది. రీల్ సగం దాటాక రిజిస్టర్ (రంగులు ఒకదానిపై ఒకటి సరిగ్గా పడడం) నిలవడం లేదని ప్రింటింగ్ సిలిండర్లను, కెమెరాను అనుమానించే ముందు బ్రేక్ టార్క్ తగ్గుతోందో లేదో చూడండి.

బ్రేక్ ఎంపికలో కూడా ఈ 4.6 పనికొస్తుంది. కరెంట్‌తో బిగుసుకునే మాగ్నెటిక్ పౌడర్ బ్రేక్‌కు కరెంట్ పూర్తిగా తీసేసినా కొంత డ్రాగ్ (అడ్డుకునే టార్క్) మిగులుతుంది. పెద్దదైతే మంచిదని 200 న్యూటన్-మీటర్ల బ్రేక్ పెడితే, దాని డ్రాగే పల్చని ఫిల్మ్‌కు కోర్ దగ్గర ఎక్కువైపోవచ్చు. అక్కడ ఏ కంట్రోలరూ ఏమీ చేయలేదు.

సరే, టార్క్‌ను వ్యాసార్ధంతో పాటు సక్రమంగా తగ్గిస్తూ వచ్చామనుకుందాం. అయినా డ్యాన్సర్ ఎందుకు? వేగం మారినప్పుడు కావాలి. పై లెక్కలోని నిండు రీల్ బరువు దాదాపు 250 కిలోలు, జడత్వ భ్రామకం సుమారు 11.5 కిలో-చదరపు మీటర్లు. సున్నా నుంచి నిమిషానికి 200 మీటర్లకు 20 సెకన్లలో వెళ్తే, ఆ రీల్‌ను తిప్పడానికే వెబ్ మీద అదనంగా 21 న్యూటన్లు పడతాయి. అదే వేగం నుంచి 5 సెకన్లలో ఆపితే 85 న్యూటన్లు తగ్గుతాయి. 100లో 85 పోతే మిగిలేది 15, వెబ్ వదులైపోతుంది. అత్యవసరంగా ఆపినప్పుడల్లా అన్‌వైండర్ దగ్గర ఫిల్మ్ వేలాడడం, మళ్లీ మొదలుపెట్టగానే టప్పున తెగడం ఇందువల్లే. ఆ హెచ్చుతగ్గులను మింగడానికే డ్యాన్సర్. 180 డిగ్రీల చుట్టుతో ఉన్న రోలర్ 100 మి.మీ. కదిలితే 200 మి.మీ. వెబ్‌ను దాచుకుంటుంది, లేదా ఇస్తుంది. ఆ లోపు, రోలర్ పొజిషన్ చూసి కంట్రోలర్ బ్రేక్‌ను సర్దాలి.

ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుకోదలచిన పొరపాటు ఒకటుంది. టెన్షన్ పెంచడానికి డ్యాన్సర్ పొజిషన్ సెట్‌పాయింట్‌ను (రోలర్ నిలవాల్సిన చోటును) మార్చడం. ఎన్నో షాపుల్లో, ఎంతో అనుభవమున్న ఆపరేటర్లు కూడా ఇదే చేస్తారు. స్క్రీన్ మీద 50 శాతం ఉన్నదాన్ని 60 చేసి, టెన్షన్ పెంచామంటారు. పెరగదు.

డ్యాన్సర్ రోలర్ మీద పనిచేసే బలాలు చూడండి. వెబ్ రెండు వైపులా లాగుతుంది, ఒక్కో వైపు టెన్షన్ అంత. గాలి సిలిండర్ ఎదురు నెడుతుంది. రోలర్ ఒకచోట నిలిచి ఉందంటే ఈ రెండూ సమానం: సిలిండర్ బలం = 2 × టెన్షన్. ఈ సమీకరణంలో రోలర్ ఎక్కడుంది అన్నది లేనే లేదు. పొజిషన్ చెప్పేది ఒకే ఒక్క విషయం: రీల్ ఇచ్చే వెబ్, మెషిన్ తీసుకునే వెబ్ సరిపోతున్నాయా లేదా అని. సెట్‌పాయింట్‌ను 60కి మారిస్తే బ్రేక్ కొన్ని సెకన్లు బిగుస్తుంది, లేదా వదులుతుంది. రోలర్ కొత్త చోటికి వెళ్లి నిలబడుతుంది. టెన్షన్ మళ్లీ పాత విలువకే వస్తుంది, ఎందుకంటే గాలి ప్రెజర్‌ను ఎవరూ మార్చలేదు.

మరి ఆపరేటర్‌కు తేడా కనిపించిందే? రెండు కారణాలు. ఒకటి, ఆ కొన్ని సెకన్లలో టెన్షన్ నిజంగానే ఊగుతుంది, రిజిస్టర్ కదులుతుంది, మార్పు పనిచేసిందని అనిపిస్తుంది. రెండోది ప్రమాదకరం. సెట్‌పాయింట్‌ను చివరిదాకా జరిపితే రోలర్ అక్కడికి చేరకముందే స్టాపర్‌కు తగులుతుంది. కంట్రోలర్‌కు మాత్రం ఇంకా తేడా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేక్‌ను పెంచుతూ పోతుంది. ఇప్పుడు టెన్షన్‌ను సిలిండర్ నిర్ణయించడం లేదు, స్టాపర్‌కు ఆనుకున్న రోలర్ మీదుగా బ్రేక్ నేరుగా లాగుతోంది. టెన్షన్ నిజంగా పెరిగింది, కానీ అది మన అదుపులో లేదు. పొజిషన్ మారిస్తే టెన్షన్ పెరుగుతుందన్న నమ్మకం చాలా షాపుల్లో ఇక్కడే పుట్టింది. డ్యాన్సర్ స్టాపర్‌కు తగిలి ఉన్న మెషిన్‌లో డ్యాన్సర్ లేనట్టే లెక్క.

కాబట్టి పొజిషన్‌ను ప్రయాణం మధ్యలో పెట్టి, అక్కడే వదిలేయండి. ఊగే చేయి ఉన్న డ్యాన్సర్‌కు ఇది మరీ ముఖ్యం. చేయి మధ్య నుంచి 30 డిగ్రీలు వాలితే వెబ్ లాగుడులో చేతికి లంబంగా పనిచేసే భాగం 87 శాతానికి పడిపోతుంది, సిలిండర్ కోణం కూడా మారుతుంది. 20 డిగ్రీల లోపు ఉంచుకోవడం మేలు.

టెన్షన్ మార్చాలంటే రెగ్యులేటర్ తిప్పాలి. ఎంత? చేయి పొడవు ఇరుసు నుంచి రోలర్ మధ్యకు 400 మి.మీ., సిలిండర్ బిగించిన చోటు 200 మి.మీ. అనుకోండి. 100 న్యూటన్ల టెన్షన్‌కు రోలర్ దగ్గర 200, సిలిండర్ దగ్గర 400 న్యూటన్లు కావాలి. 40 మి.మీ. బోర్ సిలిండర్ వైశాల్యం 1257 చదరపు మి.మీ., అంటే ఒక్కో బార్‌కు సుమారు 126 న్యూటన్లు. 400 ÷ 126 = 3.2 బార్. సిలిండర్ నెట్టకుండా లాగుతూ ఉంటే రాడ్ వైశాల్యం తీసేయాలి. 16 మి.మీ. రాడ్ అయితే మిగిలేది 1056, అప్పుడు 3.8 బార్ పెట్టాలి. ఈ రాడ్ సంగతి మరిచిపోతే టెన్షన్ 16 శాతం తక్కువగా నడుస్తుంది.

రోలర్ బరువునూ మరవకండి. చేయి నిలువుగా ఉండి రోలర్ అడ్డంగా కదిలితే మధ్యలో బరువు ప్రభావం దాదాపు ఉండదు. రోలర్ పైకీ కిందికీ కదులుతూ, వెబ్ దాని కిందుగా చుట్టుకుని వెళ్తుంటే బరువంతా టెన్షన్‌లో కలుస్తుంది. చేయితో కలిపి రోలర్ దగ్గర 8 కిలోలు తూగితే అది 78 న్యూటన్లు. గాలి పూర్తిగా తీసేసినా వెబ్ మీద 39 న్యూటన్లు ఉంటాయి. పల్చని పాలిథిన్‌కు 30 కావాలంటే సిలిండర్ పైకి ఎత్తాలి. నా మటుకు కొత్త మెషిన్ అయితే అడ్డంగా కదిలే డ్యాన్సర్‌నే, తేలికైన అల్యూమినియం రోలర్‌తో ఎంచుకుంటాను.

రెగ్యులేటర్ విషయంలో పొదుపు వద్దు. డ్యాన్సర్ సిలిండర్‌ను నొక్కినప్పుడు గాలి బయటికి పోవాలి. మామూలు రెగ్యులేటర్ ఆ గాలిని త్వరగా వదలదు, ప్రెజర్ పెరుగుతుంది, డ్యాన్సర్ స్ప్రింగ్‌లా తయారవుతుంది. త్వరగా గాలి వదిలే ప్రిసిషన్ రెగ్యులేటర్, సిలిండర్ పక్కనే చిన్న గాలి ట్యాంక్, తక్కువ రాపిడి ఉండే సిలిండర్, ఈ మూడూ ఉంటే సగం ఫిర్యాదులు రావు.

బ్రేక్ కంట్రోలర్‌లోని పీఐడీ సెట్టింగుల గురించి క్లుప్తంగా. డీ (తేడా మారే వేగానికి స్పందన) సున్నా పెట్టండి, ఐ (పేరుకున్న తేడాకు స్పందన) తక్కువ పెట్టండి. గుండ్రంగా లేని రీల్ చుట్టుకోసారి డ్యాన్సర్‌ను ఊపుతుంది. నిమిషానికి 200 మీటర్ల దగ్గర నిండు రీల్ సెకనుకు 1.8 చుట్లు తిరుగుతుంది, కోర్ దగ్గర 11.5. ఆ ఊపును సిలిండర్ గాలి మింగాలి. బ్రేక్ దాని వెంట పడితే ఊపు ఇంకా పెరుగుతుంది.

ముడతలు పడుతున్నాయని టెన్షన్ పెంచేవాళ్లు ముందు రోలర్లు సమాంతరంగా ఉన్నాయో లేదో కొలవండి. టెన్షన్ కొలిచే లోడ్‌సెల్ సంగతి, వెబ్‌ను పట్టి మెషిన్‌లోకి పంపే ఇన్‌ఫీడ్ నిప్ సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం కాస్త పెద్దదే, ఒక షిఫ్ట్‌లో సగం పడుతుంది. మెషిన్‌ను ఆపి, లాక్ చేసి, వెబ్ తీసేయండి. డ్యాన్సర్ రోలర్ మధ్యలో మెత్తని పట్టీ వేసి, దానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి, వెబ్ లాగే దిశలో లాగండి. రోలర్‌ను ప్రయాణం మధ్యకు తెచ్చి, 1 బార్ నుంచి 5 బార్ దాకా అర బార్ చొప్పున పెంచుతూ చదివింది రాసుకోండి, తర్వాత తగ్గిస్తూ రాసుకోండి. ప్రతి మెట్టు దగ్గరా రెండు సార్లు చదవాలి: రోలర్‌ను మెల్లగా లాగుతూ ఒకటి, మెల్లగా వదులుతూ ఒకటి. ఆ రెండింటి సగటులో సగమే మీ టెన్షన్. వాటి తేడాలో సగం రాపిడి. ఆ రాపిడి సగటులో 10 శాతం దాటితే సిలిండర్ సీళ్లు, ఇరుసు బేరింగులు విప్పి చూడాలి. త్రాసు రీడింగుల నుంచి ఒక పట్టిక చేసి ప్రెజర్ గేజ్ పక్కన అతికించండి. అందులో ఎడమవైపు బార్, కుడివైపు న్యూటన్లు ఉండాలి, శాతాలు వద్దు.

తర్వాత ఇదే చేయి, నెట్టే 40 మి.మీ. సిలిండర్‌తో, 50 మైక్రాన్ల, 800 మి.మీ. వెడల్పు ఎల్‌డీపీఈ (మెత్తని పాలిథిన్) ఫిల్మ్‌కు ఒత్తిడి 1.5 మెగాపాస్కల్స్ ఉండేలా ప్రెజర్ లెక్కకట్టండి. 1.9 బార్ రాకపోతే ముందు వైశాల్యం దగ్గర వెతకండి.