బస్సు దిగడం, ఆటో దిగడం, ఏట్లో దిగడం: ఇంగ్లీషులో ఎక్కడ తప్పుతున్నాం?

మా తమ్ముడి ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఇంగ్లండ్ ఆయన్ని వెంటబెట్టుకుని మంత్రాలయం బస్సులో పోతున్నాను. స్టాప్ రాగానే కంగారుగా "గెట్ డౌన్! గెట్ డౌన్!" అన్నాను. ఆయన దిగలేదు. తల వంచి ముందు సీటు చాటున నక్కాడు. ఏదో మీదొచ్చి పడుతోందనుకున్నాడట. అప్పటికే నేను కర్నూలులో నాలుగేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. సిగ్గుపడాల్సిందే.

ఆ రోజు నుంచి క్లాసులో వినబడే తప్పుల్ని ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. చాలావాటికి మూలం ఒక్కటే. తెలుగులో కదలిక ఎటువైపో క్రియే చెప్పేస్తుంది: ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు. ఇంగ్లీషులో క్రియ చాలాసార్లు కదిలాడనో, ఎలా కదిలాడనో మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. ఎటు అన్నది వెనక వచ్చే చిన్న మాట చూసుకుంటుంది. ఇన్‌టు, ఔట్, అప్, అక్రాస్ ఇలాంటివి. లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త 1985లో అచ్చయిన పెద్ద వ్యాసంలో ఈ తేడాను విడమరిచి రాశాడు. అలాంటి చిన్న మాటలకు ఆయన పెట్టిన పేరు శాటిలైట్లు. మా క్లాసులో మాత్రం తోకలే.

సమస్య: ప్రతి దిగడానికీ "గెట్ డౌన్"

బస్సు దిగాడు. ఆటో దిగాడు. చెట్టు దిగాడు. ఏట్లోకి దిగాడు. మనకు నాలుగింటికీ ఒకే క్రియ. దిగు అంటే డౌన్ అని చిన్నప్పుడే బుర్రలో పడిపోయింది కాబట్టి నాలుగు చోట్లా డౌన్ పడుతుంది.

ఇంగ్లీషులోనూ క్రియ ఒక్కటే, గాట్. తోకలు మాత్రం నాలుగు: హి గాట్ ఆఫ్ ద బస్. హి గాట్ ఔట్ ఆఫ్ ది ఆటో. హి గాట్ డౌన్ ఫ్రమ్ ద ట్రీ. హి గాట్ ఇన్‌టు ద రివర్. చూడండి, చెట్టు దగ్గర డౌన్ తప్పు కాదు. గోడ మీంచి, బల్ల మీంచి దిగినా అంతే. వాహనాల దగ్గరే చిక్కు. (మొదటి వాక్యంలోది రెండు ఎఫ్‌ల ఆఫ్, రెండో వాక్యంలోది ఒక ఎఫ్ ఆఫ్. మన లిపిలో రెండూ ఒకేలా ఉంటాయి, అదొక తలనొప్పి.)

ఏ బండికి ఏది? లోపల నిలబడి నడవగలిగితే ఎక్కేటప్పుడు ఆన్, దిగేటప్పుడు ఆఫ్: బస్సు, రైలు, విమానం. వంగి దూరి కూర్చోవాల్సి వస్తే ఇన్, ఔట్ ఆఫ్: కారు, ఆటో. పైన కాళ్లు చెరో పక్కా వేసి కూర్చునేవాటికి మళ్లీ ఆన్, ఆఫ్: బైకు, సైకిలు, గుర్రం. ఈ లెక్క వందకి వంద పనిచేస్తుందని చెప్పను గానీ, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో ఒక గంట నిలబడితే మీకు కనబడే బండ్లన్నింటికీ సరిపోతుంది.

సమస్య: "హి క్రాస్డ్ ద రోడ్ బై రన్నింగ్"

ఇది తప్పని కొట్టేయలేం. కానీ వినగానే తెలుగోడని తెలిసిపోతుంది. పరిగెత్తుకుంటూ రోడ్డు దాటాడు అన్నదాన్ని మాటకు మాట పెట్టారు. మనం దాటడాన్ని క్రియలో పెట్టి, పరుగును "కుంటూ"తో పక్కన తగిలిస్తాం. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. పరుగు క్రియలోకి వెళ్తుంది, దాటడం తోకలోకి పోతుంది: హి ర్యాన్ అక్రాస్ ద రోడ్.

పరిష్కారం: తెలుగు వాక్యంలో "కుంటూ", "తూ" ఎక్కడుందో పట్టుకోండి. దాన్నే అసలు క్రియ చేయండి. తర్వాత తెలుగు క్రియను తోకగా మార్చండి. కుంటుకుంటూ మెట్లెక్కింది: షి లింప్డ్ అప్ ద స్టెప్స్. పాక్కుంటూ మంచం కిందికి దూరాడు: హి క్రాల్డ్ అండర్ ద బెడ్. ఈదుకుంటూ అవతలి గట్టుకు చేరారు: దే స్వామ్ టు ది అదర్ బ్యాంక్. నాకు ఇంగ్లీషులో అన్నింటికంటే ముచ్చటైన సంగతి ఇదే. రోజుకు పది వాక్యాలు ఇలా తిరగేస్తే రెండు వారాల్లో చేయి తిరుగుతుంది.

సమస్య: "ఎంటర్ ఇన్‌టు ద రూమ్", "రిటర్న్ బ్యాక్", "రీచ్ టు కర్నూల్"

తోకల సంగతి తెలిసిన కొత్తలో ప్రతిదానికీ తోక తగిలించే జబ్బు పట్టుకుంటుంది. ఎంటర్, రిటర్న్, డిసెండ్ లాంటివి ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియలు. ఫ్రెంచి ఈ విషయంలో మన పక్షం. అక్కడా దిశ క్రియలోనే ఉంటుంది. కాబట్టి ఇవి వచ్చేటప్పుడే దిశను మోసుకొచ్చాయి. ఎంటర్ ద రూమ్ చాలు. రీచ్, క్రాస్ కూడా తోక లేకుండానే వాడాలి. ఒప్పందం చేసుకోవడానికి మాత్రం ఎంటర్ ఇన్‌టు అంటారు, అది వేరే కథ.

"గో టు హోమ్" కూడా ఈ కోవలోదే. ఇంటికి అన్నదాంట్లో "కి" ఉంది కదా అని టు పెడతాం. హోమ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్, వీటి ముందు టు రాదు. అంతే.

సమస్య: ఇన్ ఎక్కడ, ఇన్‌టు ఎక్కడ?

ఇక్కడ తెలుగే మనకు సాయం చేస్తుంది. గదిలో నడిచాడు అంటే లోపలే అటూ ఇటూ తిరిగాడని. గదిలోకి నడిచాడు అంటే బయటి నుంచి వచ్చాడని. "లో" అయితే ఇన్, "లోకి" అయితే ఇన్‌టు. మీద అయితే ఆన్, మీదికి అయితే ఆన్‌టు. లోంచి అంటే ఔట్ ఆఫ్, మీంచి అంటే ఆఫ్. పుట్, ఫాల్ లాంటి వాటితో లోకికి కూడా ఇన్ సరిపోతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

తోకలు కళ్ల ముందు కనబడాలంటే మన ఊరి మ్యాప్ ఒకటి చాలు. తుంగభద్ర కర్నూలు పక్కనుంచి పోతుంది: ఫ్లోస్ పాస్ట్. హంద్రీ ఊరి గుండా పారుతుంది: ఫ్లోస్ త్రూ. పోయి తుంగభద్రలో కలుస్తుంది: ఫ్లోస్ ఇన్‌టు. సుంకేసుల నుంచి వచ్చే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) అక్విడక్టు, అంటే కాలువను మోసే వంతెన, మీదుగా హంద్రీని దాటుతుంది: రన్స్ ఓవర్. అక్కడ హంద్రీ దాని కిందుగా పోతుంది: ఫ్లోస్ అండర్. కొండారెడ్డి బురుజు చుట్టూ ఒక చుట్టు తిరిగితే, వాక్ రౌండ్. పోయే క్రియలు రెండో మూడో, తోకలు ఆరు. పిల్లలతో కాగితం మీద గీయించి బాణాలు పెట్టిస్తాను. పాఠం వాళ్లు మర్చిపోవచ్చు, మ్యాప్ మర్చిపోరు.

సమస్య: "పికప్ మీ ఎట్ బళ్లారి చౌరస్తా"

మీ, హిమ్, ఇట్ లాంటివి వస్తే క్రియకూ తోకకూ మధ్యలో దూరతాయి: పిక్ మీ అప్, డ్రాప్ హిమ్ ఆఫ్, పుట్ ఇట్ డౌన్. కానీ బస్సు గురించి గెట్ ఇట్ ఆన్ అనకూడదు, గెట్ ఆన్ ఇట్ అనాలి. తేడా ఎలా తెలియాలి? ముందు పేరు పెట్టి చూడండి. పిక్ ద బ్యాగ్ అప్ అనొచ్చు. గెట్ ద బస్ ఆన్ అనలేం. పేరు మధ్యలో దూరగలిగిన చోట ఇట్ కూడా దూరి తీరాలి, దూరలేని చోట చివరికి పోతుంది. పిక్ మీ అప్ అనేటప్పుడు గొంతు ఒత్తు అప్ మీద పడుతుంది. మనం దాన్నే మింగేస్తాం.

సమస్య: "ఐ విల్ గో అండ్ కమ్"

పోయొస్తా అన్నదానికి ఇది. మన దగ్గర పోతా అనడం అశుభం కాబట్టి వస్తా కలుపుతాం. ఇంగ్లీషాయన మాత్రం కాసేపట్లో మళ్లీ వస్తాడని తలుపు తీసి పెట్టుకుంటాడు. నిజంగా తిరిగి వచ్చేట్టయితే ఐ విల్ బి బ్యాక్ అనండి. సెలవు తీసుకోవడానికైతే సీ యూ టుమారో అంటే సరిపోతుంది. క్లాసు అయ్యాక మెట్లు దిగుతూ మా పిల్లలు నాతో మాత్రం "పోయొస్తాం సార్" అనే అంటారు. దాన్ని నేను దిద్దలేదు.